ఉప్పు తగ్గించమన్నది ఎవరు?

పోయిన నెల బాపట్లలో మా రాఘవ బావ పెద్దకర్మకు వెళ్ళాను. భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళలో సగంమంది రైళ్ళ టైము చూసుకుని లేచిపోయారు. సామాను అద్దెకిచ్చినవాడు మనుషులు లేవడమే ఆలస్యం, కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చేస్తున్నాడు. నా కుర్చీ వైపు కూడా రెండుసార్లు ఆశగా చూసి ఊరుకున్నాడు. వయసుకు మర్యాద ఇచ్చాడో, బరువుకు జంకాడో తెలియదు. అప్పుడు బావ భార్య సుశీల టీ గ్లాసుతోపాటు చిన్న ప్లేటులో నాలుగు బిస్కెట్లు తెచ్చిపెట్టింది. "ఓట్సువి అక్కయ్యా, పంచదార లేనివి. డాక్టరు గారు తినమన్నారని ప్యాకెట్లకు ప్యాకెట్లు తెచ్చిపెట్టాను. మీ బావ ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు. ఓట్సు పేరెత్తితే మొహం తిప్పేసుకునేవారు" అంది. ఎందుకట అని అడిగాను, ఏమీ ఎరగనట్టు. "ఏమోనండి. పెళ్ళికి ముందు తెనాలి వెళ్తే మీ అత్తయ్యగారు పెట్టారంట. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నాకు పెట్టిన తిండి అదొక్కటే, అదీ ఎవరికోసమో చేసింది తెచ్చి పెట్టింది, అనేవారు."

టీ వేడిగా ఉందన్న నెపం మీద చాలాసేపు తల వంచుకుని ఊదుకుంటూ కూర్చున్నాను. ఆ బిస్కెట్లు ఎవరికోసం చేసినవో, ఎవరు తిన్నారో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇప్పటి పిల్లలు లేనిపోని మాటలు చెప్పి ఎదుటివాళ్ళను మురిపించడాన్ని 'బిస్కెట్ వేయడం' అంటున్నారు. ఆ మాట పుట్టకముందే ఆ విద్యలో నేను ఆరితేరాను. అదీ అసలు బిస్కెట్లతోనే.

అన్నపూర్ణత్తయ్య మా నాన్నకు చెల్లెలు. రేపల్లెలో ఇచ్చారు. కొడుకు పుట్టిన రెండేళ్ళకు ఆవిడకు దగ్గు పట్టుకుంది, దగ్గులో రక్తం పడింది. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు మా ఇంట్లో పైకి అనేవాళ్ళు కారు, "అది" అనేవాళ్ళు. రేపల్లె ఆసుపత్రిలో ఏడాది దాకా ఉంచారు. అత్తింటివాళ్ళు పిల్లవాణ్ణి వారానికోసారి తీసుకొచ్చి వరండా చివర కూర్చోబెట్టేవాళ్ళట, దగ్గరికి రానిచ్చేవాళ్ళు కారట. ఆ ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సమ్మ రోగుల కోసం ఓట్సుతో బిస్కెట్లు చేయించేదట. నిప్పుల్లో కాలినవాటికి ఏ దోషమూ ఉండదని చెప్పి, అత్తయ్య చేత్తో కలిపిన పిండినే కాల్పించి, తనే తీసుకెళ్ళి పిల్లవాడి చేతికిచ్చేది. అత్తయ్య కిటికీలోంచి చూసేది. "రెండు చేతులా పట్టుకుని ఎలక కొరికినట్టు కొరుక్కు తినేవాడే అమ్మడూ. పొడి కూడా గచ్చు మీంచి ఏరుకునేవాడు" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కొడుక్కి తిండిపెట్టిన జ్ఞాపకం అంటూ ఆవిడకు మిగిలింది అదే.

జబ్బు నయమైంది. ఆవిడకు నయమైందని ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారు కానీ, కాగితాన్ని నమ్మి కాపురానికి పిలిచేవాళ్ళెవరు? మామయ్య ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రాఘవ బావను బాపట్లలో తన అక్క మాణిక్యమ్మగారింట్లో పెట్టి చదివించాడు. అత్తయ్య ఒక ట్రంకు పెట్టెతో మా తెనాలి ఇంటికి వచ్చింది. మావాళ్ళు దుర్మార్గులేం కాదు, ఆవిడకు వెనక గది ఇచ్చారు, రెండు పూటలా అన్నం పెట్టారు. ఆవిడ కంచమూ గ్లాసూ మాత్రం కిటికీ గూట్లో విడిగా ఉండేవి. వాటిని ఆవిడే తోముకునేది. పేరు అన్నపూర్ణ, ఆవిడ చేతి అన్నం తినేవాళ్ళు మాత్రం ఇంట్లో ఒక్కరు లేరు. మా అమ్మ ఆవిడను కూరగాయలు తరగనిచ్చేది, పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "ఎందుకు వదినా నీకు శ్రమ, కూర్చో" అనేది. ఆ మాటలో ఉన్నంత తియ్యదనం మా అమ్మ చేసిన పాయసంలో కూడా ఉండేది కాదు.

ఒంటికి బలం రావాలని డాక్టరు ఓట్సు జావ తాగమన్నాడు. గుంటూరు నుంచి రేకు డబ్బాల్లో తెప్పించేవారు నాన్న. మా నాయనమ్మకు ఆ పేరు నోరు తిరిగేది కాదు, "ఓట్ల డబ్బా వచ్చిందా?" అని అడిగేది. ఎన్నికల రోజుల్లో ఆ మాటకు మా ఇంటికొచ్చిన పెద్దమనుషులు ఉలిక్కిపడేవాళ్ళు. ఉదయం పూట అత్తయ్య గదిలోంచి జావ వాసన వచ్చేది, తడిసిన గడ్డివామిలా. నేను ముక్కు మూసుకునేదాన్ని. అదే ఓట్సును అత్తయ్య తన గదిలో కుంపటి మీద బాణలిలో వేయిస్తే మాత్రం వాసన వేరు. పేలాలూ వేరుశనక్కాయలూ కలిపి వేయించినట్టు ఆ గదంతా కమ్ముకునేది. అత్తయ్య జావ సగమే తాగేది. మిగతా సగం ఓట్సు నెలంతా దాచేది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. "డబ్బాలకు డబ్బాలు తాగుతోంది, ఒక్క వీసమెత్తు ఒంటికి పట్టదేంటండీ మీ చెల్లెలికి?" అని అమ్మ నాన్నతో అంటుంటే వింటూ కూర్చునేదాన్ని. ఆవిడ ఒంటికి పట్టాల్సింది ఎవరి ఒంటికి పట్టిందో నా ఎనిమిదో తరగతి ఫొటో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

నన్ను బాపట్ల హాస్టల్లో వేయడానికి కారణం తెనాలే. ఊళ్ళో వీధికో నాటకం, సందుకో సినిమా. పిల్ల చెడిపోతుందని నాన్న భయం. చెడిపోవడానికి బాపట్లలో కూడా అవకాశాలుంటాయని ఆయనకు తోచలేదు. నెలకోసారి శనివారం ఇంటికొచ్చి ఆదివారం తిరిగి వెళ్ళేదాన్ని. రాఘవ బావ అక్కడే అబ్బాయిల హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నేను బాపట్ల వెళ్తున్నానని తెలిసిన రోజు అత్తయ్య మొహం నాకింకా గుర్తుంది. నా చెయ్యి పట్టుకోబోయి, అలవాటుకొద్దీ మధ్యలోనే ఆగి, చీర కొంగుతో తన చెయ్యే తుడుచుకుంది. "అమ్మడూ, వాడికి బిస్కెట్లు పంపిస్తాను, ఇస్తావా? ఒక్కటి కొరికితే చాలే, వాడికి తెలిసిపోద్ది నేనేనని" అంది.

మా వీధి చివర కాశిం బాబాయి బేకరీ ఉండేది. ఆ రోజుల్లో పిండీ పంచదారా డాల్డా మనం పట్టుకెళ్తే, రొట్టెలు తీశాక మిగిలిన వేడిలో బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాళ్ళు. నాలుగైదు ఇళ్ళ రేకులు ఒకేసారి లోపలికి వెళ్ళేవి కాబట్టి ఎవరివి వాళ్ళకు తెలియడానికి తలా ఒక గుర్తు వేసేవాళ్ళు. ఒకరు గాజుతో నొక్కేవాళ్ళు, ఒకరు తాళంచెవితో. అత్తయ్య మా జంతికల గొట్టంలోని నక్షత్రం బిళ్ళ తీసుకుని ఒక్కో బిస్కెట్టు మీదా అద్దేది. కలపడం కూడా ఆవిడే బేకరీ అరుగు మీద కూర్చుని కలిపేది. వేయించి కచ్చాపచ్చాగా దంచిన ఓట్సు, అందులో సగం గోధుమపిండి, బెల్లం పొడి, వెన్న, చిటికెడు వంట సోడా, చివర్లో ఉప్పు. ఆ ఉప్పు చిటికెడు కాదు, కాస్త ఎక్కువే. నర్సమ్మ కొలత అది. తీపి నమిలాక నాలుక చివర ఉప్పదనం తగలాలి అనేది అత్తయ్య. మిగతావాళ్ళు ఆవిడ పక్కన కూర్చోకుండా జరుగుతుంటే కాశిం బాబాయి గమనించి, "అక్కయ్యగారూ, మీ రేకు ముందు ఇటివ్వండి. అగ్గిలోకి పోయింతర్వాత అన్నీ ఒకటేనండి" అని గట్టిగా అందరికీ వినబడేలా అనేవాడు. ఆవిడ ఇచ్చిన బిస్కెట్టు అక్కడే నిలబడి తినేవాడు. మా ఇంట్లో ఎవరూ చేయని పని.

మొదటి డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. ఓట్సు ఖాళీ డబ్బాయే అది, ఇంకా వెచ్చగా ఉంది. బాపట్లలో దిగి నేరుగా మాణిక్యమ్మగారింటికే వెళ్ళాను, అబద్ధం చెప్పను. గేటు దగ్గరే ఆవిడ ఎదురైంది.

"ఎవరమ్మాయివి?"

"తెనాలి అండి. అన్నపూర్ణత్తయ్య మేనకోడల్ని. రాఘవ బావకు..."

"ఏంటా డబ్బా?"

"బిస్కెట్లండి. అత్తయ్య చేసింది."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది, నా చేతిలో పాము ఉన్నట్టు. "ఆ రోగిష్టిదాని చేతి తిండి మా పిల్లాడికా? అది చాలక వాణ్ణి కూడా చంపుద్దామనా? పో అమ్మా, పో. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే మీ నాన్నకు ఉత్తరం రాస్తాను."

హాస్టలుకు వచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ ఒకటి తిన్నాను. ఏడుపు ఆగింది కానీ తినడం ఆగలేదు. గదిలో ముగ్గురు అమ్మాయిలు, వాళ్ళకూ పెట్టాను. "ఎవరు చేశారే?" అంటే "బేకరీవి" అన్నాను. మా అత్తయ్య చేసిందంటే ఆవిడ సంగతి చెప్పాలి, చెబితే వాళ్ళూ రెండడుగులు వెనక్కి వేస్తారు. మాణిక్యమ్మగారిని తిట్టుకుంటూనే నేనూ ఆవిడ పనే చేశాను.

మరుసటి నెల ఇంటికి వెళ్ళేటప్పటికి అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. "ఇచ్చావా?" అంది. ఆ కళ్ళలోకి చూసి లేదనడానికి నాకంటే గట్టి గుండె కావాలి. "ఇచ్చాను." "తిన్నాడా? ఏమన్నాడు?" "బాగున్నాయన్నాడు." "ఊరికే బాగున్నాయన్నాడా? ఇంకేమీ అనలేదా?" ఆవిడ అలా చూస్తూనే ఉంది. ఏదో ఒకటి చెప్పకపోతే నమ్మేలా లేదు. నాకు తినేటప్పుడు అనిపించిందే నోట్లోంచి వచ్చేసింది. "కొంచెం ఉప్పు తగ్గించమన్నాడు" అన్నాను.

అత్తయ్య నవ్విన నవ్వు నేను అంతకుముందు చూడలేదు. "చూశావా, నాలుకెంత చురుకో!" అని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది. "అమ్మా, విన్నావా, నీ మనవడు ఉప్పెక్కువైందన్నాడంట!" ఎవరైనా వంటకు వంక పెడితే ఆడవాళ్ళు చిన్నబుచ్చుకోవడం చూశాను. వంక పెట్టినందుకు పండగ చేసుకున్న మనిషిని ఆవిణ్ణే చూశాను. ఆ నెల ఉప్పు తగ్గింది.

ఆ తర్వాత రెండేళ్ళ పైచిలుకు నెలనెలా అదే తంతు. మాణిక్యమ్మగారి గుమ్మం తొక్కకపోతే పోయె, బావ చేతికి ఇవ్వలేకపోయానా అంటే, అతను రోజూ మా హాస్టలు ముందు నుంచే సైకిలు మీద బడికి వెళ్ళేవాడు. పిలిచి ఉంటే ఆగేవాడే. ఒకసారి కిటికీలోంచి చూస్తుంటే మా గదిలో అమ్మాయి నా చూపు పసిగట్టి, "ఎవరే అతను? మీ బావా? ఓహో, అందుకేనా నీకీ కిటికీ పక్క మంచం!" అంది. ఇక అంతే. అతను వస్తే చాలు, పదిమంది కిటికీకి చేరి "ఒసేయ్, బావగారొస్తున్నార్రోయ్" అని గోల. మేనబావ అన్న వరస నా ప్రాణానికొచ్చింది. ఆ పిల్లల ముందు రోడ్డు మీదికి వెళ్ళి బావ చేతిలో బిస్కెట్ల డబ్బా పెడితే నా పరువేం కావాలి? పదమూడేళ్ళ పిల్లకు పరువు చాలా పెద్ద వస్తువు. ఒక తల్లి కన్నా పెద్దది.

కిటికీ పక్క మంచం ఇంకో విధంగా పనికొచ్చింది. బావను రోజూ చూసేదాన్ని కాబట్టి అత్తయ్య అడిగినవాటికి నిజాలే చెప్పేదాన్ని. నీలం గళ్ళ చొక్కా కుట్టించుకున్నాడు, మోకాలికి కట్టు కట్టుకున్నాడు, మీసం వస్తోంది. ఒక్క అబద్ధం నిలబడడానికి పది నిజాలు ఊతకర్రలు. ఆవిడ ఊరికే ఉండేది కాదు, ఈసారి ఏమన్నాడు అనేది. నాకు ఏది కావాలంటే అది బావ అనేవాడు. కొబ్బరికోరు వేయమన్నాడు. ఇంకాస్త కరకరలాడాలన్నాడు. ఉప్పు అసలే వద్దన్నాడు. ఆవిడ అన్నీ చేసింది. నర్సమ్మ బిస్కెట్టు కాస్తా నెలనెలా మారి మారి నా బిస్కెట్టు అయికూర్చుంది. ఒక్కోసారి అత్తయ్య తనలో తను అనుకునేది, "చిన్నప్పుడు ఆ ఉప్పుకే లొట్టలేసేవాడు. పెద్దయ్యాడు, రుచులు మారతాయిలే."

నా హాస్టలు చదువు అయిపోయింది. బావ హైదరాబాదు వెళ్ళాడని అత్తయ్యకు తెలిసింది, డబ్బాలు ఆగాయి. ఆవిడ దిగులుపడలేదు. వాడికి నేనున్నానని తెలుసు, అది చాలు అనేది. అలా కొన్నేళ్ళు గడిచాయి.

నేను బీఏ ఆఖరేడు చదువుతున్నప్పుడు ఒక పగటిపూట రాఘవ బావ మా ఇంటికొచ్చాడు, చేతిలో పెళ్ళి శుభలేఖతో. కన్నతల్లికి శుభలేఖ ఇవ్వకపోతే నలుగురూ ఏమనుకుంటారని మామయ్యే పంపాడట. వస్తున్నట్టు ముందు రోజే కబురందింది. అత్తయ్య కాశిం బాబాయి బేకరీకి వెళ్ళి, వెనకటిలాగే అరుగు మీద కూర్చుని, బిస్కెట్లు చేయించుకొచ్చింది. కొబ్బరి వేసి, కరకరలాడేలా, ఉప్పు లేకుండా. ఒక్కోదాని మీదా నక్షత్రం. నేను ఎక్కడికైనా పారిపోదామనుకున్నాను. కుదరలేదు. నన్ను పక్కనే నిలబడమంది, "మీరిద్దరూ ఎరిగినవాళ్ళేగా, నాకంటే నీతోనే బాగా మాట్లాడతాడు" అంది.

బావ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. నా వైపు చూసి, ఎవరో తెలియక, మర్యాదగా తలూపాడు. అప్పుడే అత్తయ్య కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. ప్లేటు అతని ముందు పెట్టింది.

"తిను నాయనా. నీకిష్టమైనవే."

"నాకాండీ?" అన్నాడు. ఒకటి తీసుకుని కొరికాడు, నమిలాడు. "బాగున్నాయండీ. ఏంటండీ ఇవి?"

"ఓట్సు బిస్కెట్లు. బాపట్లలో ఉన్నప్పుడు..."

"నేనెప్పుడూ తినలేదండీ ఇట్లాంటివి."

ఆవిడ నా వైపు తిరిగింది. కోపంగా కాదు. రైలు వెళ్ళిపోయాక ఖాళీ పట్టాల వైపు చూస్తామే, అలా. నోరు తెరిచి నేను నాలుగు మాటలు చెబితే సరిపోయేది. బావా, ఆవిడ నెలనెలా పంపింది, నేనే తినేశాను, అని. నవ్వేవాడో తిట్టేవాడో, ఆ తల్లీకొడుకుల సంగతి మాత్రం అక్కడే తేలిపోయేది. నేను కిటికీ ఊచలు లెక్కపెట్టాను. అత్తయ్య మళ్ళీ కొడుకు వైపు తిరిగి, "అవునులే నాయనా. ఎవరో అనుకుని పొరబడ్డాను" అంది.

గేటు దాకా సాగనంపడానికి నేనే వెళ్ళాను. సైకిలు రిక్షా ఎక్కుతూ బావ అన్నాడు, "ఏళ్ళ తరబడి ఒక్క కబురు చేయలేదు, ఒక్కసారి వచ్చి చూడలేదు. ఇప్పుడు ప్లేటు పెట్టి నీకిష్టమైనవే అంటే ఏమనుకోవాలండీ? నా ఇష్టాలు ఈవిడకేం తెలుసు?" నేను "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాను. నా తెలుగు బీఏ చదువంతా ఆ రెండు ముక్కలకే పనికొచ్చింది.

లోపలికొచ్చేసరికి అత్తయ్య మిగిలిన బిస్కెట్లు డబ్బాలో సర్దుతోంది. తిడుతుందని నిలబడ్డాను. తిట్టాలని కోరుకున్నాను. తలెత్తకుండానే అడిగింది.

"ఉప్పు తగ్గించమన్నది నువ్వేనటే?"

"అవునత్తయ్యా."

"అయ్యో" అంది. "ఆ ఉప్పు ఉంటే గుర్తుపట్టేవాడేమోనే."

అంతే. ఆ తర్వాత ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు. బిస్కెట్లూ చేయలేదు. పెళ్ళికి వెళ్ళలేదు, తన తరఫున నన్ను పంపింది. నేను వెళ్ళి కడుపునిండా భోంచేసి వచ్చాను, నాకు అప్పగించిన పనుల్లో సరిగ్గా చేసింది అదొక్కటే. ఇంకో మూడేళ్ళు బతికిందేమో. బావ వచ్చి జరపాల్సినవన్నీ జరిపించి, పరాయి ఇంటి చావుకొచ్చినవాడిలా పొడి కళ్ళతో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఎన్నో పెళ్ళిళ్ళలో పక్కపక్కనే కూర్చున్నాం. ప్రతిసారీ చెబుదామనే అనుకున్నాను. వడ్డన అయ్యాక చెబుదాం అనుకునేదాన్ని, తాంబూలం దాకా వచ్చేది, రైలు టైమయ్యేది. అతను మాత్రం ఎవరైనా తల్లి ప్రేమ గురించి మాట్లాడితే మెల్లిగా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఎందుకు వెళ్తున్నాడో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పొయ్యి ఉంది. ఓట్సు కిరాణా కొట్లో బియ్యం బస్తాల పక్కనే దొరుకుతుంది. ఒకరి కంచం విడిగా గూట్లో పెట్టే రోజులు పోయాయని మా కోడలు అంటుంది. పోయిన కరోనాలో పనిమనిషికి మేం కాగితం గ్లాసులో టీ ఇచ్చిన సంగతి నేను గుర్తు చేయలేదు. బాపట్ల నుంచి వచ్చినప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఒక పళ్ళెం బిస్కెట్లు చేస్తున్నాను. వేయించిన ఓట్సు, సగం గోధుమపిండి, బెల్లం, వెన్న. కొబ్బరి లేదు. పైన నక్షత్రం బిళ్ళ అద్దుతున్నాను, ఆ బిళ్ళ నా దగ్గరే ఉంది. ఉప్పు దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. ఒక రోజు అర చెంచా, ఒక రోజు ముప్పావు, ఒక రోజు ఒక చెంచా. తిని చూస్తాను, కాదనిపిస్తుంది. అవునని మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ కొలత తెలిసిన చెయ్యి పోయింది. గచ్చు మీంచి పొడి ఏరుకు తిన్న నాలుకా పోయింది. మొదటి డబ్బాలో ఉన్నవి అసలు బిస్కెట్లు. అవేంటో తెలిసి తిన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అన్నీ తిన్నాను. ఎలా ఉండేవో గుర్తులేదు.